ఆక్సిజన్ 98 ఉంది కదా, మరి నాన్నగారికి ఆ ఆయాసం ఎందుకు?

మీరు రాసింది ముందు క్లుప్తంగా ఇక్కడ పెడతా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. నాన్నగారికి 58 ఏళ్ళు, ఎప్పటినుంచో షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. కాలికి పుండు పడి జ్వరమొచ్చింది, తిండి తగ్గింది, తినట్లేదు కదా షుగర్ పడిపోద్దేమో అని ఇంట్లో ఇన్సులిన్ ఆపేశారు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, మొన్న రాత్రి నుంచి విపరీతమైన ఆయాసం, గుంటూరులో ఐసీయూలో చేర్చారు. షుగర్ 460. ఏబీజీలో (ధమని రక్తంలో యాసిడ్, గ్యాస్‌లు చూసే పరీక్ష) పీహెచ్ (యాసిడ్ పెరిగేకొద్దీ తగ్గే అంకె) 7.22, పీసీఓటూ (రక్తంలోని కార్బన్ డయాక్సైడ్) 20, బైకార్బ్ (యాసిడ్‌ని పట్టుకునే క్షారం) 8. సోడియం 132, క్లోరైడ్ 98, పొటాషియం 5.4. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ 98 చూపిస్తోంది. డాక్టరేమో "ఒంట్లో యాసిడ్ పెరిగింది, కిడ్నీలు సర్దుకోడానికి టైమ్ పడుతుంది" అన్నారట. మీ ప్రశ్నలేంటంటే ఆక్సిజన్ బాగానే ఉంటే అలా ఎందుకు రొప్పుతున్నారు, వెంటిలేటర్ ఎందుకు పెట్టట్లేదు, షుగర్ పేషెంట్‌కి గ్లూకోజ్ ఎక్కిస్తామంటున్నారేంటి, పక్క బెడ్ వాళ్ళ బంధువు చెప్పినట్టు వంటసోడా నీళ్ళు కొంచెం పడితే యాసిడ్ విరగదా అని.

నేను అనస్థీషియా చదివి ఐసీయూలోకి వచ్చినవాణ్ణి, గుంటూరు, బెజవాడల్లోనే సర్వీసంతా. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి అక్కడి ట్రీట్‌మెంట్ మీద తీర్పులు చెప్పను, ఆ కాగితం మీద అంకెలు ఏం చెప్తున్నాయో చెప్తా.

ముందు ఒక్క విషయం గట్టిగా పెట్టుకోండి. ఆ ఆయాసం ఆయన జబ్బు కాదు. ఇప్పుడు ఆయన్ని నిలబెడుతోంది అదే. ప్రకాశం బ్యారేజీకి పైనుంచి వరదొస్తే 70 గేట్లూ ఎత్తేస్తారు, గేట్లు ఎత్తారు కాబట్టి వరదొచ్చిందని ఎవరూ అనరు కదా, గేట్లు దించేస్తే సరిపోద్దని అసలే అనరు. ఇదీ అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రక్తంలో యాసిడ్ అంటే హైడ్రోజన్ అయాన్లు. మామూలుగా లీటరుకి 40 నానోమోల్స్ ఉంటాయి, అంటే సోడియం ఉన్నదాంట్లో సుమారు 35 లక్షల వంతు. అంత చిన్న అంకెని శరీరం ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలోనే తిరుగుతుంది, పుట్టినప్పటినుంచీ. ఎంజైమ్‌లు, గుండె కండరం, నరాలు అన్నీ ఆ అంకె మీదే ఆధారపడి పనిచేస్తాయి కాబట్టి. దీన్ని చేత్తో వెయ్యగలిగే ఒక చిన్న సూత్రం ఉంది, హౌస్ సర్జన్లకి మొదట అదే నేర్పిస్తాం: 24ని పీసీఓటూతో గుణించి బైకార్బ్‌తో భాగించండి, హైడ్రోజన్ అయాన్లు ఎన్నో వచ్చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పీసీఓటూ 40, బైకార్బ్ 24, లెక్కేస్తే 40. మీ నాన్నగారికి 24 ఇంటూ 20 బై 8, అంటే 60. పీహెచ్ 7.22 అన్నా హైడ్రోజన్ 60 అన్నా ఒకటే.

అసలు సంగతి ఇక్కడుంది. ఆయన అలా రొప్పకుండా మనందరిలా మామూలుగా ఊపిరి పీలుస్తూ పడుకున్నారనుకోండి, పీసీఓటూ 40 ఉండేది. అప్పుడు 24 ఇంటూ 40 బై 8, అంటే 120. పీహెచ్‌లో చెప్తే 6.92. ఆ అంకె దగ్గర గుండె బలంగా కొట్టదు, బీపీ మందులు కూడా సరిగా పట్టవు, మనిషి స్పృహలో ఉండటం కష్టం. 6.92కీ 7.22కీ మధ్య ఉన్న తేడా మొత్తం ఆయన ఛాతీ కండరాలు రాత్రంతా కష్టపడి తెచ్చిపెట్టింది.

కార్బన్ డయాక్సైడ్‌కీ యాసిడ్‌కీ సంబంధం ఏంటని మీకు అనుమానం రావాలి, వస్తే మంచిదే. ఇన్సులిన్ లేకపోతే కణాలు గ్లూకోజ్ వాడుకోలేక కొవ్వు కరిగించుకుంటాయి, లివర్ ఆ కొవ్వుని కీటోన్లు చేస్తుంది, కీటోన్లలో ముఖ్యమైనవి రెండూ యాసిడ్లే. ఆ యాసిడ్ రక్తంలోకి రాగానే బైకార్బ్ దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని కార్బానిక్ యాసిడ్ అవుతుంది, అది వెంటనే నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. నీళ్ళతో ఇబ్బంది లేదు, ఆ గ్యాస్ మాత్రం బయటికి పోవాలి. పోకపోతే రియాక్షన్ వెనక్కి తిరిగి మళ్ళీ యాసిడ్ అవుతుంది. అందుకని ఒక్కో కీటోన్ యాసిడ్‌కి ఒక్కో బైకార్బ్ ఖర్చవుతూ పోతుంది (మీ నాన్నగారికి 24 ఉండాల్సింది 8కి దిగింది అలానే), ఊపిరితిత్తులేమో కార్బన్ డయాక్సైడ్‌ని మామూలు కన్నా కూడా కిందకి లాగేస్తాయి.

క్లోరైడ్, సోడియం ఎందుకు రాశారని అనుకున్నారేమో. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బ్ రెండూ తీసేయండి, 132 లోంచి 106 పోతే 26. దీన్ని యానయాన్ గ్యాప్ అంటాం, మామూలుగా 12 లోపు ఉంటుంది. 26 ఉందంటే రక్తంలో లెక్కకి రాని యాసిడ్ ఏదో కూర్చుని ఉందని అర్థం. ఈయన కథలో అది కీటోన్లే అయ్యుంటుంది, కానీ పుండు ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకితే లాక్టిక్ యాసిడ్ కూడా కలుస్తుంది, అందుకే లాక్టేట్ కూడా చూస్తారు. విరేచనాల్లో బైకార్బ్ బయటికి పోయినవాళ్ళకి కూడా యాసిడోసిస్ (రక్తంలో యాసిడ్ పెరగడం) వస్తుంది గానీ వాళ్ళ గ్యాప్ పెరగదు, ఆ స్థానంలో క్లోరైడ్ పెరుగుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లో సిట్రేట్ ఎందుకుంటుందో చాలామందికి తెలీదు, దాన్ని లివర్ బైకార్బ్‌గా మారుస్తుంది, అందుకు.

ఇక ఊపిరి పెంచమని ఎవరు చెప్తారు? మెడలో కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట గింజంత సైజులో ఒక భాగం ఉంటుంది, కరోటిడ్ బాడీ అంటారు. దాని పని రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, యాసిడ్ రుచి చూస్తూ మెదడుకి రిపోర్ట్ పంపటం. దీని మీద పనిచేసినందుకే బెల్జియం శాస్త్రవేత్త హేమాన్స్‌కి 1938 నోబెల్ ఇచ్చారు. ఇంకోటి మెదడు కింది భాగంలో, మెడుల్లాలో ఉంది, అది మెదడు చుట్టూ ఉండే నీటిలోని యాసిడ్‌ని చూస్తుంది. యాసిడ్ నేరుగా ఆ నీటిలోకి అంత తేలిగ్గా దూరలేదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఇట్టే దూరుతుంది. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది, మీరు రేపు చూస్తారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: రక్తం రిపోర్ట్ బాగైపోయినా మెదడు నీరు వెనకబడి ఉంటుంది, అందుకని ఇంకా కొన్ని గంటలు ఊపిరి వేగంగానే నడుస్తుంది. "రిపోర్ట్ బాగుందంటున్నారు, మనిషి అలాగే రొప్పుతున్నాడు" అని కంగారు పడకండి.

ఈ ఊపిరిని ఒకసారి దగ్గరగా చూడండి, ఉబ్బసం ఆయాసానికీ దీనికీ తేడా తెలుస్తుంది. పిల్లికూతలు ఉండవు. పైపైన కుక్క రొప్పినట్టు ఉండదు, ఒక్కో శ్వాసా లోతుగా, ఛాతీ పొట్ట రెండూ నిండా లేచి పడుతూ, ఆపకుండా, ఎవరో తరిమినట్టు ఉంటుంది. నోరు తెరిచి పీలుస్తారు కాబట్టి నాలుక ఎండిపోయి అట్టకట్టి ఉంటుంది. దగ్గరికెళ్తే పండిపోయిన పండు వాసనో, నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసనో వస్తుంది, అది ఎసిటోన్. జర్మనీ డాక్టర్ కుస్‌మౌల్ 1874లో షుగర్ కోమాలో ఉన్నవాళ్ళలో దీన్ని వివరంగా రాశాడు, కేస్ షీట్‌లో ఇప్పటికీ ఆయన పేరే రాస్తాం. ఆక్సిజన్ 98 ఉండటంలో వింత ఏమీ లేదు, ఆయన ఊపిరితిత్తులు బాగున్నాయి, బాగున్నాయి కాబట్టే ఇంత పని చెయ్యగలుగుతున్నాయి. ఆ క్లిప్పుకి ఆక్సిజన్ ఒక్కటే తెలుసు, యాసిడ్ గురించి గానీ కార్బన్ డయాక్సైడ్ గురించి గానీ దానికి ఏమీ తెలీదు. అందుకే మణికట్టు దగ్గర ధమనిలోంచి, నొప్పైనా సరే, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఉన్న సిరంజిలో రక్తం తీస్తారు, తియ్యగానే గాలి బుడగ తోసేసి సిస్టర్ పరిగెత్తుకెళ్ళి మెషిన్‌లో పెట్టేస్తుంది, ఆలస్యమైతే సిరంజిలోని కణాలు కూడా యాసిడ్ చేస్తూనే ఉంటాయి, అంకెలు మారిపోతాయి.

వెంటిలేటర్ సంగతి. ట్యూబ్ వెయ్యాలంటే ముందు మత్తు ఇవ్వాలి, కండరాలు వదులయ్యే మందు ఇవ్వాలి, ఆ నిమిషం రెండు నిమిషాలు ఊపిరి ఆగిపోతుంది. మీకైతే నాకైతే ఆ నిమిషం ఏమీ కాదు. బైకార్బ్ 8 ఉన్న మనిషికి పీసీఓటూ 20 నుంచి 35కి ఎక్కిందంటే చాలు, సూత్రంలో వేసుకోండి, హైడ్రోజన్ 105, పీహెచ్ ఏడు కిందకి వచ్చేసింది. గుండె అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. ట్యూబ్ వేశాక కూడా మెషిన్‌ని మామూలు సెట్టింగ్‌లో పెడితే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలే వెళ్తుంది, ఆయన సొంతంగా దానికి రెండు మూడింతలు ఆడిస్తున్నారు. అందుకని మనిషి అలిసిపోకుండా, స్పృహ తగ్గకుండా ఉన్నంతకాలం మేం ట్యూబ్ జోలికి వెళ్ళం, ఇన్సులిన్‌తో, సెలైన్‌తో వరద తగ్గిస్తాం. "మీవాళ్ళు ఏమీ చెయ్యట్లేదు, చూస్తూ కూర్చున్నారు" అని బయట బంధువులు అంటుంటారు, నిద్రమాత్రో మత్తింజెక్షనో ఇచ్చి పడుకోబెట్టమని కూడా అడుగుతారు. దయచేసి అది మాత్రం అడగకండి.

ఆ ఊపిరి సరిపోతోందా లేదా అని చూసుకోడానికి ఇంకో లెక్కుంది, వింటర్స్ ఫార్ములా అంటారు. బైకార్బ్‌ని ఒకటిన్నరతో గుణించి 8 కలపండి, పీసీఓటూ దానికి రెండు అటూ ఇటూ ఉండాలి. 8 ఇంటూ ఒకటిన్నర 12, దానికి 8 కలిపితే 20. నాన్నగారిది సరిగ్గా 20. అంటే ఊపిరితిత్తులు చెయ్యగలిగిందంతా చేస్తున్నాయి. ఇదే మనిషికి పీసీఓటూ 38 వచ్చిందనుకోండి, లేబరేటరీ కాగితం మీద 35 నుంచి 45 నార్మల్ అని ఉంటుంది, పక్కన స్టార్ గుర్తు కూడా రాదు, బంధువులు "అది నార్మల్ అయ్యింది" అని సంతోషపడతారు, మేం మాత్రం పరిగెత్తుతాం. ఆ స్థితిలో నార్మల్ అంటే మనిషి అలిసిపోయాడని అర్థం.

ఈ ముక్క ఎంత కీలకమో చెప్పడానికి ఒక పాత సంగతి చెప్తా. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది, బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలు వరసగా వచ్చేవాళ్ళు. రక్తంలో బైకార్బ్ ఎక్కువ కనిపిస్తే అక్కడి డాక్టర్లు అదేదో అంతుచిక్కని ఆల్కలోసిస్ (రక్తంలో యాసిడ్ తగ్గిపోవడం) అనుకున్నారు, అప్పట్లో రక్తం పీహెచ్ రొటీన్‌గా చూసే పద్ధతి లేదు. ఇబ్సెన్ అనే అనస్థీషియా డాక్టర్ (మా బ్రాంచి అని చెప్పుకోడానికి నాకు కొంచెం గర్వం) కాదండీ, వీళ్ళు ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పోతున్నారు అన్నాడు. గొంతుకి రంధ్రం పెట్టి, రబ్బరు బ్యాగ్ నొక్కుతూ చేత్తో ఊపిరి ఆడించారు, మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులు వేసుకుని వారాల తరబడి నొక్కారు. చావులు బాగా తగ్గాయి, ఐసీయూ అనే ఆలోచన అక్కడినుంచే వచ్చింది. అక్కడి లేబరేటరీ డాక్టర్ ఆస్ట్రప్ ఆ రోజుల్లో మొదలెట్టిన పనే తర్వాత ఈ ఏబీజీ మెషిన్ల దాకా వచ్చింది. ఒక్క బైకార్బ్ అంకె చూసి, పీసీఓటూ, పీహెచ్ చూడకుండా ఏదీ చెప్పలేం అనేది ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే.

ఇక కిడ్నీలు, డాక్టర్ "టైమ్ పడుతుంది" అన్న ముక్క. ఊపిరితిత్తులు నిమిషాల్లో స్పందిస్తాయి, కానీ అవి తీసెయ్యగలిగేది గ్యాస్‌నే, కీటోన్‌ని తియ్యలేవు, ఖర్చైన బైకార్బ్‌ని తిరిగి తయారు చెయ్యలేవు. మనం రోజుకి 13 నుంచి 15 వేల మిల్లీమోల్స్ కార్బన్ డయాక్సైడ్ వదుల్తాం, గ్యాస్ లెక్కలో సుమారు 300 లీటర్లు. అదికాక తిన్న మాంసకృత్తులు అరిగాక సల్ఫ్యూరిక్ యాసిడ్ లాంటివి రోజుకి కిలో బరువుకి ఒక మిల్లీమోల్ చొప్పున, అంటే ఒక పెద్దమనిషికి 70 దాకా మిగుల్తాయి. ఇది ఊపిరితో పోదు. దీని బాధ్యత కిడ్నీలది.

కిడ్నీలు చేసే పని రెండు రకాలు. మొదటిది, ఉన్నది పోకుండా చూసుకోవడం. రోజుకి 180 లీటర్ల నీరు వడకడతాయి, లీటరుకి 24 చొప్పున అందులో 4300 మిల్లీమోల్స్ బైకార్బ్ ఉంటుంది, వంటసోడా రూపంలో తూస్తే 360 గ్రాముల పైమాటే. అది మొత్తం మూత్రంలో పోతే సాయంత్రానికి మనిషి ఉండడు. అందులో ఎనభై తొంభై శాతాన్ని మొదటి గొట్టంలోనే, మిగిలింది ముందుకెళ్ళేకొద్దీ వెనక్కి లాగేసుకుంటాయి. రెండోది కొత్త బైకార్బ్ తయారు చెయ్యడం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం ఆగి చెప్తా. యాసిడ్‌ని ఊరికే మూత్రంలోకి వదిలేస్తే సరిపోదా అనిపిస్తుంది. మూత్రం పీహెచ్ 4.5 కన్నా కిందకి దించలేవు కిడ్నీలు, ఆ పీహెచ్ దగ్గర విడిగా ఉండే హైడ్రోజన్ లీటరుకి 0.03 మిల్లీమోల్స్ మాత్రమే. అలా 70 పంపాలంటే రోజుకి 2000 లీటర్ల పైన మూత్రం పొయ్యాలి! అందుకని హైడ్రోజన్‌ని దేనికో ఒకదానికి తగిలించి పంపుతాయి. కొంత ఫాస్ఫేట్‌కి తగులుతుంది, కానీ ఫాస్ఫేట్ మనం తిన్నంతే వస్తుంది, అవసరమైనప్పుడు పెంచుకోలేం. పెంచుకోగలిగింది అమ్మోనియా. కిడ్నీ కణాలు గ్లూటమిన్ అనే అమైనో యాసిడ్‌ని విరగ్గొట్టి అమ్మోనియం చేస్తాయి, అది మూత్రంలోకి పోతుంది, దాంతోపాటు పుట్టిన కొత్త బైకార్బ్ రక్తంలోకి వెళ్తుంది. మామూలు రోజుల్లో 30, 40 మిల్లీమోల్స్ చేసే ఈ ఫ్యాక్టరీ యాసిడ్ ఎక్కువైతే 200 పైకి కూడా పోతుంది. కానీ దానికి ఎంజైమ్‌లు కొత్తగా తయారవ్వాలి, పూర్తి వేగం అందుకోడానికి మూడు నుంచి ఐదు రోజులు. డాక్టర్ గారు చెప్పిన టైమ్ ఇదే.

దీని ప్రభావం మీకు ఈ వారంలోనే కనిపిస్తుంది. రేపో ఎల్లుండో షుగర్ దిగుతుంది, గ్యాప్ 26 నుంచి 12కి వస్తుంది, కీటోన్లు పోయాయంటారు, కానీ బైకార్బ్ చూస్తే 16, 17 దగ్గర ఆగిపోయి ఉండొచ్చు. జబ్బు తగ్గలేదా అని బెంగ పెట్టుకుంటారు. ఏమైందంటే కీటోన్లలో కొంత భాగం ఇన్సులిన్ తగిలాక మళ్ళీ బైకార్బ్‌గా మారాల్సింది, అవి మూత్రంలో పోయాయి, వాటితో పాటు రావాల్సిన బైకార్బ్ కూడా పోయినట్టే. పైగా మనం ఎక్కించిన నార్మల్ సెలైన్‌లో క్లోరైడ్ లీటరుకి 154 ఉంటుంది, రక్తంలో ఉండేదేమో వంద దరిదాపుల్లో, దాంతో క్లోరైడ్ పెరిగి బైకార్బ్ కొంచెం కిందనే ఉంటుంది. కిడ్నీలు బాగుంటే కొద్దిరోజుల్లో అవే సర్దేస్తాయి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అందుకే అడగండి. కొంతమంది డాక్టర్లు సెలైన్ బదులు రింగర్ లాక్టేట్ లాంటివి వాడేది కూడా ఈ కారణంతోనే.

గ్లూకోజ్ ఎక్కించే సంగతి. మీకు షుగర్ కనిపిస్తోంది, మాకు కీటోన్ కనిపిస్తోంది. షుగర్ ముందు తగ్గిపోతుంది, కీటోన్ తగ్గడానికి ఇంకా ఇన్సులిన్ కావాలి. షుగర్ 250 దగ్గరకొచ్చిందని ఇన్సులిన్ ఆపేస్తే యాసిడ్ మళ్ళీ మొదలు. ఇన్సులిన్ ఆపకుండా, షుగర్ డౌన్ అవ్వకుండా ఉండాలంటే పక్కన డెక్స్‌ట్రోజ్, అంటే ఆ గ్లూకోజే, పెట్టాల్సిందే. ఇది చూసి డ్యూటీ సిస్టర్‌తో గొడవపడి సీసా తీయించినవాళ్ళు కూడా ఉన్నారు. పొటాషియం కూడా ఇలాంటిదే, 5.4 ఉందని మోసపోకండి, ఒంట్లో మొత్తం మీద పొటాషియం తక్కువే ఉంటుంది, ఇన్సులిన్ పడగానే అది కణాల్లోకి దూరిపోయి రక్తంలో ధబీమని పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే గంటగంటకీ షుగర్, రెండు నాలుగు గంటలకోసారి పొటాషియం చూస్తూ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. రక్తం అన్నిసార్లు ఎందుకు లాగుతున్నారు, బిల్లు కోసమా అని అనుమానపడే రోజులివి, ఈ ఒక్క జబ్బులో మాత్రం ఆ టెస్టులు నిజంగా అవసరం.

వంటసోడా... వద్దండీ. ఐసీయూలోనే, ఇంజెక్షన్ రూపంలో చేతికందేంత దూరంలో ఉన్నా, షుగర్ యాసిడోసిస్‌లో పీహెచ్ 7.0 కింద ఉంటే తప్ప సోడియం బైకార్బ్ ఇవ్వం. ఎందుకంటే ఇచ్చిన బైకార్బ్ యాసిడ్‌ని పట్టుకుని మళ్ళీ కార్బన్ డయాక్సైడే అవుతుంది, ఇప్పటికే ఆఖరి గేరులో ఉన్న ఊపిరి మీద ఇంకొంచెం బరువు, పొటాషియం ఇంకా పడిపోతుంది, పైగా యాసిడ్ తయారవ్వడం ఆగదు, ఆపేది ఇన్సులిన్ ఒక్కటే. నోటితో పట్టడమైతే ఇంకా ఘోరం. ఒక టీస్పూన్ సోడాలో దాదాపు 60 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది, పొట్టలో యాసిడ్‌తో కలిసి గ్యాస్ ఉబ్బుతుంది, మత్తుగా వాంతులతో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతే పని చేస్తున్న ఆ ఒక్క అవయవం కూడా పాడైపోద్ది. ఆల్కలైన్ వాటర్ బాటిళ్ళు అమ్ముతున్నారు కదా బెంజ్ సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా, ఆరోగ్యవంతుడు తాగినా పొట్టలో యాసిడ్ దాన్ని క్షణంలో విరిచేస్తుంది, మిగిలిందేమైనా ఉంటే కిడ్నీలు మూత్రంలో పారేస్తాయి, రక్తం పీహెచ్ కదలదు. డబ్బులు మీవి, నాకేం అభ్యంతరం లేదు, ఐసీయూ లోపలికి మాత్రం తేవద్దు.

సోడా మాత్రలు పనికొచ్చే చోటు వేరే ఉంది. కిడ్నీలు ఏళ్ళ తరబడి దెబ్బతిన్నవాళ్ళు, మన పక్కనే ఏ.కొండూరు తండాల్లో చూస్తున్నాం కదా, వాళ్ళలో ఆ అమ్మోనియా ఫ్యాక్టరీ మూతపడుతూ వస్తుంది, బైకార్బ్ నెమ్మదిగా దిగుతుంది, ఎముకలు కండరాలు కరుగుతాయి. వాళ్ళకి నెఫ్రాలజిస్ట్ లెక్క చూసి సోడామింట్ మాత్రలు రాస్తారు, అది కూడా బీపీ, కాళ్ళవాపు చూసుకుంటూ.

ఇంకో రకం పేషెంట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వార్డులోనే ఒకరు ఉండి ఉంటారు, ఆయన అంకెలు చూసి పోల్చుకుంటారు. ఎన్నో ఏళ్ళు చుట్టో బీడీయో కాల్చిన పెద్దాయన, పొగాకు పండిన జిల్లా మనది, లోటేముంది. పీసీఓటూ 65, బైకార్బ్ 34, పీహెచ్ 7.34. ఇక్కడ కథ తిరగబడింది, ఊపిరితిత్తులు గ్యాస్ వదల్లేకపోతున్నాయి, కిడ్నీలు నెలల తరబడి బైకార్బ్ పోగేసి పీహెచ్‌ని కాపాడుతున్నాయి. సూత్రంలో వేస్తే హైడ్రోజన్ 46, మీ నాన్నగారి కన్నా మెరుగు. ఇలాంటాయనకి ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్య ఉంచుతాం, 98కి పెంచితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుని మత్తులోకి జారిపోతారు. వాళ్ళబ్బాయి వచ్చి "పక్క బెడ్‌కి 98 ఉంది, మా నాన్నకి 90 ఏంటి, ఆక్సిజన్ పెంచండి" అంటాడు, సిస్టర్ లేనప్పుడు తనే నాబ్ తిప్పేస్తాడు. మీకు తెలిసింది కాబట్టి అలాంటిది కనిపిస్తే కొంచెం ఆపండి.

టెన్షన్‌తో రొప్పేవాళ్ళది ఇంకో కథ, వాళ్ళకి యాసిడ్ లేకుండానే గ్యాస్ పోతుంది, పీహెచ్ పైకెళ్ళి, రక్తంలో విడిగా ఉండే కాల్షియం తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోతాయి. కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడితే తగ్గుతుంది. కానీ హాస్టల్ పిల్లలు రొప్పుతుంటే పరీక్షల టెన్షన్ అని తేల్చేసే ముందు ఒక్కసారి వేలు గుచ్చి షుగర్ చూడాలి. టైప్ వన్ షుగర్ మొదటిసారి బయటపడేది చాలామందిలో ఇలానే, ఈ లోతైన ఊపిరితోనే. నెబ్యులైజర్ పెట్టించుకుని, కవర్‌లో ఊపిరి పీల్పించుకుని, అప్పుడు మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చూశాను.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్‌ని "యానయాన్ గ్యాప్ ఎంతకొచ్చింది, పొటాషియం ఎంత, బైకార్బ్ నిన్నటికన్నా పెరిగిందా" అని అడగండి, షుగర్ ఎంత అని మాత్రమే అడక్కండి. లోపలికి పంపినప్పుడు పిలిస్తే పలుకుతున్నారా చూడండి. రొప్పడం తగ్గి, మనిషి తేటగా మాట్లాడుతూ నీళ్ళు అడుగుతుంటే మంచిది. రొప్పడం తగ్గి మనిషి కూడా మగతగా అయిపోతే, ప్రశాంతంగా నిద్రపోతున్నారులే అనుకోవద్దు, అక్కడికక్కడే సిస్టర్‌ని పిలవండి, వెంటనే ఏబీజీ తీయాలి.

కాలి పుండు సంగతి మర్చిపోవద్దు, ఇదంతా లేపింది అదే, సర్జన్ చూశారో లేదో కనుక్కోండి. ఇంకొకటి, ఇంట్లో ఆయన వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక కవర్‌లో పట్టుకెళ్ళండి. వాటిలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ లాంటి పేర్లు ఉంటే డ్యూటీ డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. మంచి మందులే అవి, గుండెకి కిడ్నీకి కూడా మేలు చేస్తాయి, కానీ తిండి లేనప్పుడు, జ్వరం వాంతులు ఉన్నప్పుడు వేసుకుంటే షుగర్ పెద్దగా పెరక్కుండానే ఇలాంటి యాసిడోసిస్ తెప్పిస్తాయి, మూత్రంలో షుగర్ పోయేలా చేసే మందులు కాబట్టి షుగర్ 200 లోపే ఉండి అందరినీ ఏమారుస్తాయి. అవి అప్పటికి ఆపాలి, ఆపరేషన్ ఏదైనా ఉంటే మూడు రోజుల ముందే ఆపమంటారు. ఇన్సులిన్ మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం, తినకపోయినా పూర్తిగా ఆపకూడదు, జ్వరంలో ఒంటికి ఇంకా ఎక్కువే కావాలి, డోస్ ఎంత తగ్గించాలో పెంచాలో షుగర్ చూసి డాక్టర్ చెప్తారు. డిశ్చార్జ్ రోజు జ్వరమొస్తే ఏ ఇన్సులిన్ ఎంత, ఏ మాత్ర ఆపాలి, ఎంత షుగర్ ఉంటే ఫోన్ చెయ్యాలి అని కాగితం మీద తెలుగులో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, ఇన్సులిన్ ఉండేది అక్కడే కాబట్టి. రేపటి ఏబీజీ వచ్చాక అంకెలు పెట్టండి, చూసి చెప్తా.